టీచర్ కావాలనుకునే హైస్కూల్ పిల్లలను తయారుచేయడం: ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

టెన్త్ రిజల్ట్స్ వచ్చిన వారంలో తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది: "మా పాప టీచర్ అవుతానంటోంది సార్, ఏ గ్రూపులో చేర్పించాలి?" అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే రెండేళ్లు ఆలస్యంగా అడుగుతున్నారు. గ్రూపు ఎంచుకునే నాటికి ఆ పాప ఏ వయసు పిల్లలకు, ఏ సబ్జెక్టు చెప్పగలదో తేలి ఉండాలి. అది తేలాలంటే ముందు నాలుగుసార్లయినా పాఠం చెప్పి చూడాలి.

తెలంగాణలో హనుమకొండ, నర్సంపేట, పరకాల, మహబూబాబాద్, జమ్మికుంట వైపు హైస్కూళ్లలో పనిచేసే టీచర్లనూ, అక్కడి తల్లిదండ్రులనూ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పిల్లలు నేరుగా చదువుకున్నా సరిపోతుంది.

1. ఎవరికి నిజంగా ఇష్టముందో ముందు తేల్చండి

మన బడుల్లో దీనికి మంచి అవకాశం ఇప్పటికే ఉంది: స్వపరిపాలన దినోత్సవం. కానీ దాన్ని మనం చీరలు, ఫొటోలతో ముగించేస్తాం. ఒకరు కలెక్టర్, ఒకరు డీఈవో, ఒకరు హెచ్ఎం. మధ్యాహ్నానికి అంతా అయిపోతుంది.

ఈసారి ఇలా చేయండి. వారం ముందే ఒక్కొక్కరికి ఒక చిన్న అంశం ఇవ్వండి. పాఠమంతా వద్దు, ఒక లెక్క రకం చాలు, లేదా ఒక పద్యం, ఒక ప్రయోగం. అర పేజీలో ఏం చెబుతారో రాసుకురమ్మనండి. పాఠం అయ్యాక పక్కకు పిలిచి మూడు ప్రశ్నలు అడగండి:

- ఎవరికి అర్థం కాలేదు?
- ఎక్కడ ఆగిపోయారు?
- మళ్లీ చెప్పమంటే ఏం మారుస్తావు?

మొదటి ప్రశ్నకు "అందరికీ అర్థమైంది సార్" అన్నవాళ్లకు ఇంకా సమయం ఇవ్వాలి. "మూడో బెంచీలో చివరి అబ్బాయికి కాలేదు, తల ఊపాడు కానీ నోట్సులో ఏమీ రాయలేదు" అని చెప్పిన పిల్లను వదలకండి. ఆమె క్లాసులో ఫస్ట్ ర్యాంకర్ కాకపోవచ్చు. చాలాసార్లు కాదు కూడా.

ఒక హెచ్చరిక. "ఆడపిల్లకు టీచర్ ఉద్యోగం బాగుంటుంది" అన్న మాటతో అమ్మాయిల పేర్లే రాసుకోకండి. మగపిల్లల్లో ఈ గుణమున్నవాడిని ఎవరూ అడగరు, అందుకే వాడు ఎంపీసీలో చేరి ఇంజనీరింగ్ వైపు వెళ్లిపోతాడు.

2. దారులన్నీ ఒక కాగితం మీద గీయించండి

ఇది తొమ్మిదో తరగతిలో ఒక పీరియడ్ పని. పిల్లలే గీయాలి. మీరు గీసిస్తే మర్చిపోతారు.

ప్రైమరీ టీచర్ (ఎస్జీటీ): ఇంటర్ → డీఈఈసెట్ (ఎంట్రెన్స్) → రెండేళ్ల డీఎల్ఈడీ (ప్రైమరీ టీచర్ డిప్లొమా) → టెట్ పేపర్-1 (అర్హత పరీక్ష) → డీఎస్సీ (ఉద్యోగ నియామక పరీక్ష).

హైస్కూల్ టీచర్ (స్కూల్ అసిస్టెంట్): ఇంటర్ → డిగ్రీ → ఎడ్‌సెట్ → రెండేళ్ల బీఈడీ → టెట్ పేపర్-2 → డీఎస్సీ.

నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు: ఇంటర్ → ఎన్‌సెట్ → ఐటెప్. డిగ్రీ, బీఈడీ రెండూ కలిసి నాలుగేళ్లలో పూర్తవుతాయి, అంటే ఒక ఏడాది మిగులుతుంది. ఎంట్రెన్స్ జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ పెడుతుంది, తెలుగులోనూ రాయొచ్చు. ఈ కోర్సు మన వరంగల్ నిట్‌లోనే ఉందన్న సంగతి కాజీపేటలో ఉండేవాళ్లకు కూడా చాలామందికి తెలియదు.

గురుకులాలు: టీజీటీకి (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) డిగ్రీ, బీఈడీ, టెట్. పీజీటీకి (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) పీజీ, బీఈడీ. కేంద్రీయ విద్యాలయ, నవోదయల్లో టీజీటీకి సీటెట్ (కేంద్ర టెట్) కావాలి.

వ్యాయామ విద్య అయితే పీఈసెట్, ప్రత్యేక అవసరాల పిల్లలకు చెప్పాలనుకుంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపు ఉన్న కోర్సు. ఈ రెండు దారులనూ కాగితం మీద తప్పకుండా రాయించండి. 2024 డీఎస్సీలో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు స్కూల్ అసిస్టెంట్ పోస్టులు 220, ఎస్జీటీ పోస్టులు 796 ఉన్నాయి.

ఇక్కడ ఎక్కువమంది పడే గొయ్యి: "బీఈడీ చేస్తే ఏ పోస్టుకైనా రాయొచ్చు" అనుకోవడం. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు తర్వాత బీఈడీతో ఎస్జీటీకి అర్హత లేదు. 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే, అందులో 6,508 ఎస్జీటీవే. డీఎల్ఈడీ లేనివాళ్లు సగానికి పైగా పోస్టులను బయట నిలబడి చూశారు. చిన్నపిల్లలతో ఉండటం ఇష్టమైన పిల్లకు ఈ సంగతి ఇంటర్ అయ్యాక కాదు, ఇప్పుడే తెలియాలి.

డీఈఈసెట్‌కు ఇంటర్‌లో 50 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45), సెప్టెంబర్ 1 నాటికి 17 ఏళ్లు నిండి ఉండాలి. చిన్న వయసులో బడిలో వేసిన పిల్లలు ఈ తేదీ దగ్గర ఆగిపోతారు. పుట్టినతేదీ ఇప్పుడే లెక్క చూసుకోండి.

3. గ్రూపును వెనక నుంచి ముందుకు ఎంచుకోండి

ఏ పోస్టు కావాలో అక్కడ మొదలుపెట్టి వెనక్కి రండి.

- మ్యాథ్స్ టీచర్: ఎంపీసీ, డిగ్రీలో మ్యాథ్స్.
- ఫిజికల్ సైన్స్: ఎంపీసీ, డిగ్రీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ.
- బయాలజీ: బైపీసీ, డిగ్రీలో బోటనీ, జువాలజీ.
- సోషల్: హెచ్ఈసీ లేదా సీఈసీ, డిగ్రీలో హిస్టరీ, జాగ్రఫీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ లాంటివాటిలో రెండైనా.
- తెలుగు, ఇంగ్లిష్: గ్రూపు ఏదైనా సరే, డిగ్రీలో ఆ భాష ఆప్షనల్‌గా ఉండాలి, లేదా పీజీ చేయాలి.

అసలు దెబ్బ డిగ్రీలో పడుతుంది. దోస్త్‌లో (డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్) ఆప్షన్లు పెట్టేటప్పుడు స్నేహితురాలు చేరుతోందని ఏదో కొత్త కాంబినేషన్ పెట్టేస్తారు. బీఈడీలో ఏ మెథడాలజీ (బోధనా సబ్జెక్టు) వస్తుందో ఆ కాంబినేషన్‌ను బట్టే తేలుతుంది. దోస్త్ ఆప్షన్లకు ముందు పాత డీఎస్సీ నోటిఫికేషన్‌లోని అర్హతల పట్టిక ప్రింటు తీసి పక్కన పెట్టుకోండి. సీనియర్ల మాట కన్నా ఆ రెండు పేజీలు నమ్మదగినవి.

4. వారానికి ఒక పావుగంట పాఠం

మిగతావన్నీ కలిపినా దీనికి సాటిరావు. ఒక్క పని చేసే తీరికే ఉంటే ఇదే చేయండి.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి:

- హెచ్ఎం అనుమతి, ప్రైమరీ క్లాసు టీచర్ ఒప్పుకోలు.
- అదే ఆవరణలో లేదా పక్క వీధిలో ఉన్న ప్రైమరీ స్కూల్. శనివారం చివరి పీరియడ్ అయితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.
- ఆరుగురో ఎనిమిదిమందో పిల్లలు. క్లాసంతా వద్దు.
- క్లాసు టీచర్ గదిలోనే ఉండాలి.

చివరిది గట్టిగా పట్టుకోండి. టీచర్ సెలవు పెట్టిన క్లాసుకు టెన్త్ పిల్లను పంపి "కాసేపు చూసుకో" అనడం శిక్షణ కాదు, ఖాళీ పూడ్చుకోవడం. అలా పంపిన పిల్ల నేర్చుకునేది బల్ల మీద బెత్తం కొట్టి అరవడమే.

ఇక పని వరుస. మొదటి వారం పాఠం చెప్పకూడదు, వెనక కూర్చుని చూడాలి. ఏ పిల్లవాడు ఎప్పుడు కిటికీ వైపు చూశాడు, టీచర్ ఎవరిని ఎక్కువసార్లు పిలిచింది, ఇలాంటివి రాసుకోవాలి. రెండో వారం ఒక పేజీ లెసన్ ప్లాన్: ఈ పావుగంట తర్వాత పిల్లలు ఏం చేయగలగాలి అన్నది ఒక్క వాక్యం, దానికి టీఎల్ఎం (బోధన సామగ్రి), మూడు ప్రశ్నలు, చివర్లో ఒక చిన్న పరీక్ష. "తీసివేత నేర్పుతాను" అని రాస్తే వెనక్కి ఇచ్చేయండి. "ఒకట్ల స్థానంలో పై అంకె చిన్నగా ఉన్న రెండంకెల తీసివేత చేయగలగాలి" అని రాయాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. మూడో తరగతి పిల్లలకు 52 నుంచి 38 తీసేయమంటే చాలామంది 26 అని రాస్తారు. మన అమ్మాయి వెంటనే "తప్పు, 14" అని దిద్దేస్తుంది. పిల్లలు 14 అని రాసుకుంటారు, తర్వాతి లెక్కలో మళ్లీ అదే తప్పు చేస్తారు. ఇక్కడ ఆమెను ఆపి, "26 ఎలా వచ్చిందో వాడినే అడుగు" అనండి. వాడు చెబుతాడు: ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు, అయిదులోంచి మూడు పోతే రెండు. అంటే వాడికి తీసివేత వచ్చు. పైది, కింది అన్న తేడా చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీస్తున్నాడు, అంతే.

మందు బోర్డు మీద దొరకదు. చీపురు పుల్లలు సమానంగా తుంచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టించండి. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టి, ఎనిమిది విడి పుల్లలు ఇవ్వమనండి. రెండే ఉన్నాయి. వాడు కాసేపు చూస్తాడు, తర్వాత తనంతట తానే ఒక కట్ట విప్పుతాడు. ఆ కట్ట విప్పేదాకా నోరు మూసుకుని ఉండగలగడమే మన అమ్మాయి నేర్చుకోవాల్సిన పని. మొదట్లో ఉండలేదు, "కట్ట విప్పు, విప్పు" అని తనే చెప్పేస్తుంది. ఫరవాలేదు, వచ్చే వారం చూడండి.

పాఠం అయ్యాక నోట్‌బుక్‌లో అయిదు లైన్లు రాయించండి: ఏం అనుకున్నాను, ఏం జరిగింది, ఎవరు చేయలేకపోయారు, ఎందుకనుకుంటున్నాను, వచ్చేసారి ఏం చేస్తాను. దీన్ని మార్కులతో దిద్దకండి. చదివి, అడుగున ఒక ప్రశ్న రాసి తిరిగివ్వండి.

పిల్లలు ఆమెను "అక్కా" అని పిలుస్తారు. పిలవనివ్వండి. "టీచర్ అనాలి" అని పట్టుబట్టే టెన్త్ పిల్లలు కొందరుంటారు, వాళ్లతో కాస్త మాట్లాడాలి.

5. బోర్డు, గొంతు, ప్రశ్న

బోర్డు: ఖాళీ గదిలో సాయంత్రం పది నిమిషాలు రాయించండి. రాశాక చివరి బెంచీ నుంచి తనే చదవాలి. ఎక్కువమంది చేసే తప్పులు రెండు: లైను కుడివైపుకు పోయేకొద్దీ కిందికి జారడం, రాస్తూ బోర్డుకు అడ్డంగా నిలబడటం. మొదటిదానికి బోర్డును సుద్దతో నిలువుగా రెండు భాగాలు చేసుకుంటే లైను చిన్నదవుతుంది, జారదు. రెండోదానికి, రాసిన వెంటనే పక్కకు రెండడుగులు వేయడం అలవాటు చేయాలి.

గొంతు: అరవడం వేరు, వినిపించడం వేరు. క్లాసు గోల చేస్తుంటే గొంతు పెంచకుండా తగ్గించి చూడమనండి.

ప్రశ్న: అడిగాక మనసులో మూడు లెక్కపెట్టాలి. ఆ తర్వాతే పేరు పిలవాలి. పేరు ముందే పిలిచి ప్రశ్న అడిగితే మిగతా పిల్లలందరూ హాయిగా ఆలోచించడం మానేస్తారు. "అర్థమైందా?" అన్న ప్రశ్నను పూర్తిగా మాన్పించండి. దానికి మన పిల్లలు ఎప్పుడూ ఒకే గొంతుతో "అయిందీ" అంటారు.

6. భాష గురించి

ఇప్పుడు సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం నడుస్తోంది. పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురుగా ఇంగ్లిష్. ఈ పుస్తకాలే మీకు దొరికే మంచి సాధన సామగ్రి. రోజుకు ఒక పేరా తెలుగులో చదివి, పుస్తకం మూసి, చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో చెప్పించండి. తర్వాత ఎదురు పేజీ చూసుకుంటారు. టెట్‌లో 150 మార్కులకు 30 ఇంగ్లిష్‌వే, ఇంటర్ తర్వాత హడావిడిగా గ్రామర్ గైడు కొనడం కన్నా ఇది మేలు.

తెలుగు కూడా అంతే ముఖ్యం, అక్కడా 30 మార్కులున్నాయి. పైగా మహబూబాబాద్, ములుగు వైపు క్లాసుల్లో ఇంట్లో లంబాడీ లేదా కోయ మాట్లాడే పిల్లలుంటారు. వాళ్లకు బడి తెలుగే ఒక కొత్త భాష. మీ విద్యార్థిని తండా నుంచి వచ్చిన అమ్మాయైతే, ఒకటో తరగతిలో రెండు భాషల్లోనూ కథ చెప్పించండి. తనకున్న ఆ భాష ఉద్యోగంలో ఎంత పనికొస్తుందో తనకింకా తెలియదు.

7. ఏ తరగతిలో ఎంత

ఎనిమిది: స్వపరిపాలన దినోత్సవం, కింది తరగతి పిల్లలకు హోంవర్క్ సాయం. ఇంకేమీ వద్దు.

తొమ్మిది: వారం పాఠం మొదలు. దారుల కాగితం. సర్టిఫికెట్ల ఫైల్.

పది: దసరా సెలవుల దాకా వారం పాఠం, ఆ తర్వాత ఆపేయాలి. ప్రీ ఫైనల్స్ ముందు కూడా టీఎల్ఎం చార్టులు రాయించే టీచర్లున్నారు, అది పిల్లకు చేసే సాయం కాదు. మార్చి దాకా చదువే.

టెన్త్ పరీక్షల తర్వాత, వేసవి: ఊళ్లోనే నలుగురు చిన్నపిల్లలకు రోజూ గంట చదవడం, రాయడం నేర్పాలి. గ్రూపు నిర్ణయానికి ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు.

ఇంటర్: సబ్జెక్టు గట్టిగా. డీఈఈసెట్‌కు మళ్లీ స్కూల్ పుస్తకాలే చదవాలి కాబట్టి టెన్త్ పుస్తకాలు అమ్మేయకండి. సెకండియర్‌లో నోటిఫికేషన్ తేదీల మీద కన్నేసి ఉంచాలి.

8. సర్టిఫికెట్ల ఫైల్

ఉద్యోగం చేతిదాకా వచ్చి ఇక్కడ టెన్షన్ పడేవాళ్లను వెరిఫికేషన్ క్యూల్లో చూడొచ్చు. ఎస్జీటీ లాంటి జిల్లా పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. ఎవరు ఏ జిల్లాకు స్థానికులో 1 నుంచి 7వ తరగతి దాకా చదివిన చోటును బట్టి తేలుస్తారు. నాలుగో తరగతి దాకా సొంతూళ్లో, అయిదు నుంచి వేరే జిల్లా గురుకులంలో చదివినవాళ్లు ప్రతి ఏడాదికీ కాగితం చేతిలో పెట్టుకోవాలి. ఉమ్మడి వరంగల్ 2016లో ముక్కలైంది కాబట్టి ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో కూడా చూసుకోండి.

- 1 నుంచి 7 దాకా బోనఫైడ్లు, తరగతివారీగా. చిన్న ప్రైవేటు స్కూలైతే ఇప్పుడే తీసుకోండి. మూతపడితే ఎంఈవో ఆఫీసు చుట్టూ తిరగాలి.
- ఆధార్‌లో పేరు, టెన్త్ మెమోలో పడబోయే పేరు ఒకటేనా? నామినల్ రోల్ (పరీక్ష రాసేవారి జాబితా) పంపే ముందే స్పెల్లింగ్ చూసుకోవాలి. తర్వాత మార్పించడం ఏళ్ల పని.
- ఇంటిపేరు పూర్తిగానా, పొడి అక్షరంతోనా? అన్నిచోట్లా ఒకేలా ఉండాలి.
- కుల, ఆదాయ ధ్రువపత్రాలు. ఆదాయానిది పాతదైతే మళ్లీ తీయాలి.
- అన్నీ స్కాన్ చేసి మెయిల్‌లో ఒక కాపీ.

9. కాలేజీ దగ్గర మోసపోకుండా

డీఎల్ఈడీకి జిల్లా డైట్ (ప్రభుత్వ టీచర్ శిక్షణ కాలేజీ) మొదటి ఎంపిక, హనుమకొండలో ఉంది. ప్రైవేటులో చేరితే టీచర్ కోర్సులను గుర్తించే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ గుర్తింపు ఆ ఏడాదికి ఉందా అని చూడాలి. "రాకపోయినా ఫరవాలేదు, ఫీజు కడితే మేమే చూసుకుంటాం" అనే కాలేజీలున్నాయి. పట్టా వస్తుంది. కానీ టీచింగ్ ప్రాక్టీస్ చేయకుండా వచ్చిన పట్టాతో మొదటి రోజు అరవైమంది ముందు నిలబడినప్పుడు కాళ్లు వణుకుతాయి. అలాంటి చోట మీ పిల్లను చేర్చకండి.

10. ఇంట్లో మాట్లాడాల్సిన మాట

తల్లిదండ్రులకు ఉన్నదున్నట్టు చెప్పండి. 2017 అక్టోబర్‌లో 8,792 పోస్టులకు నోటిఫికేషన్ పడ్డాక మళ్లీ 2023 సెప్టెంబర్ దాకా డీఎస్సీ లేదు. అప్పుడు పడ్డ 5,089 పోస్టుల నోటిఫికేషన్ కూడా రద్దయి, 2024 ఫిబ్రవరిలో కొత్తది వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో నియామక పత్రాలిచ్చారు. 2020 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం ఎస్జీటీ మూల వేతనం 31,040 రూపాయల నుంచి మొదలవుతుంది. జీతం బాగుంది, ఎదురుచూపే చెప్పలేనిది. టెట్ ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది, డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ ఉంది. కాబట్టి ఎదురుచూసే కాలంలో స్కోరు పెంచుకుంటూ పోవచ్చు. ఈలోగా గురుకులాలు, కేజీబీవీలు (కస్తూర్బా బాలికల బడులు), ప్రైవేటు బడులు ఉన్నాయి. ప్రైవేటులో జీతం తక్కువ, ఈ సంగతి దాచకండి.

చివరికి ఇంట్లో అడిగేది ఒకటే: డీఎల్ఈడీ ముందా, డిగ్రీ ముందా? పిల్లకు చిన్నతరగతులంటే ఇష్టముండి, ఇంటికి తొందరగా ఆదాయం అవసరమైతే డీఎల్ఈడీ ముందు చేయించండి. పంతొమ్మిది, ఇరవై ఏళ్లకు టెట్ పేపర్-1 చేతిలో ఉంటుంది, డిగ్రీ, బీఈడీ ఆ తర్వాత చేసుకోవచ్చు. ఒక సబ్జెక్టు మీద మనసుండి, ఇంటి పరిస్థితి నాలుగైదేళ్లు ఆగనిస్తే ముందు ఐటెప్‌కు ప్రయత్నించి, రాకపోతే డిగ్రీలో చేర్చండి. ఎటూ తేలకపోతే వేసవిలో ఊళ్లో చెప్పిన పాఠాల నోట్‌బుక్ తెరిచి చదవండి. ఆ పిల్ల ఎక్కువ పేజీలు పిల్లల గురించి రాసిందా, పాఠం గురించి రాసిందా అన్నది చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.